హ్యాచ్-వ్యాక్స్‌మన్‌లో హ్యాచ్ ఎవరు? మనం ఆయనకు దండం పెట్టాలా, తిట్టాలా?

బాలానగర్_పాతకాపు | శనివారం, ఉదయం 7:10

ముప్పై ఏళ్లు ఫార్మా రెగ్యులేటరీలో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు వారానికో రోజు బీఫార్మసీ పూర్తిచేసిన పిల్లలకు ఏఎన్‌డీఏ, అంటే జెనరిక్ మందు (బ్రాండ్ మందుకి సమానమైన చవక మందు) అమెరికాలో అమ్మడానికి పెట్టే దరఖాస్తు, దాని ఫైలింగ్ గురించి క్లాసు చెప్తున్నా. నిన్న ఒకమ్మాయి లేచి, "సార్, హ్యాచ్-వ్యాక్స్‌మన్ అంటే ఒకాయనా, ఇద్దరా? సైంటిస్టా?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి కాఫీ తాగుతుంటే తట్టింది, నాకూ అంతకంటే పెద్దగా తెలీదని. జెనరిక్స్‌కి దారి తెరిచిన అమెరికా చట్టం అది, దాని సెక్షన్లు నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఆ మనుషులెవరో మాత్రం ఏనాడూ పట్టించుకోలేదు.

ఒకరు రిపబ్లికన్ సెనేటర్ ఆరిన్ హ్యాచ్, ఇంకొకరు డెమొక్రాట్ హెన్రీ వ్యాక్స్‌మన్ అని రాత్రి చదివాను. 1984 సెప్టెంబర్ 24న అధ్యక్షుడు రీగన్ సంతకం పెట్టారు. మన కల్లం అంజిరెడ్డి గారు హైదరాబాదులో డాక్టర్ రెడ్డీస్ మొదలుపెట్టిందీ 1984లోనే, చూడండి చిత్రం.

అమెరికాలో ఉన్నవాళ్లు చెప్పండి. మన ఊరికి ఇంత అన్నం పెట్టిన ఈ హ్యాచ్ అక్కడి జనం వైద్యానికి మేలు చేశాడా, కీడు చేశాడా? వచ్చే క్లాసులో పిల్లలకు చెప్పాలి.

సాల్ట్‌లేక్_సుబ్బు | శనివారం, ఉదయం 7:48

బాబాయ్ గారూ, నేను పదకొండేళ్లుగా యూటాలోనే ఉంటున్నా. ఇక్కడ హ్యాచ్ పేరు తెలియని వాళ్లుండరు. 1977 నుంచి 2019 దాకా సెనేటర్, అంటే 42 ఏళ్లు. పిట్స్‌బర్గ్‌లో భవన నిర్మాణ కార్మికుడి కొడుకు. మోర్మన్ అనే క్రైస్తవ శాఖవాడు. పక్కా కన్సర్వేటివ్.

1976లో మొదటిసారి నిలబడ్డప్పుడు ఎదుటి అభ్యర్థి ఫ్రాంక్ మాస్ అప్పటికి 18 ఏళ్లుగా సెనేటర్. 18 ఏళ్లు పదవిలో ఉన్నాయన్ని ఇంటికి పిలిపించాలి అని హ్యాచ్ ప్రచారం చేసి గెలిచాడు. ఆ తర్వాత తను 42 ఏళ్లు కదల్లేదు. మన రాజకీయాలు గుర్తొస్తే తప్పు నాది కాదు.

1983లో అబార్షన్ హక్కుకు వ్యతిరేకంగా రాజ్యాంగ సవరణ తెచ్చాడు. 49-50తో పోయింది. అదే మనిషి 2001లో, 2006లో పిండ మూలకణాల పరిశోధనను సమర్థించి సొంత పార్టీ వాళ్లతో తిట్లు తిన్నాడు. ఆయన్ని ఒక గాట కట్టేయడం కష్టం.

వాదిస్తా | శనివారం, ఉదయం 8:15

అదేం కష్టం కాదు, నేను కట్టేస్తా. 2009 డిసెంబర్‌లో ఒబామా ఆరోగ్య చట్టానికి వ్యతిరేకంగా ఓటేశాడు. ఆ తర్వాత దాన్ని రద్దు చేయాలని తిరగని రోజు లేదు. 2018 మార్చిలో ఒక సభలో ఆ చట్టాన్ని బలపరిచే వాళ్లను పచ్చిగా తెలివితక్కువ వాళ్లని తిట్టాడు. గొడవయ్యాక అది సరిగా కుదరని జోకు అన్నాడు. ఫార్మా కంపెనీల దగ్గర విరాళాలు బాగా అందుకున్న వాళ్లలో ఆయన పేరు ఎప్పుడూ పైనే ఉండేది. ఇంకేం కావాలి?

జెనరిక్స్ చట్టం కూడా ఊరికే ఇవ్వలేదు. బ్రాండ్ కంపెనీలకు పేటెంట్ గడువు పెంచే ఏర్పాటు అందులోనే ఉంది కదా, పాతకాపు గారూ? అది దాటేశారేం?

మందులకొట్టు_మాధవి | శనివారం, ఉదయం 9:02

నేను న్యూజెర్సీలో ఫార్మసిస్టుని. 1984లో ఇక్కడ రాసిన ప్రతి 100 ప్రిస్క్రిప్షన్లలో 19 మాత్రమే జెనరిక్. ఇప్పుడు దాదాపు 90. ఆ 90లో మన హైదరాబాద్ చుట్టుపక్కల తయారైనవి ఎన్నో. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ మాత్రలు నాలుగైదు డాలర్లకు ఇస్తుంటే కౌంటర్ అవతల ముసలాళ్ల ముఖాలు ఎలా తేలికపడతాయో నేను రోజూ చూస్తా. వాదిస్తా గారు చెప్పిన ఓట్లన్నీ నిజమే, కాదనను. కానీ ఈ 90 కూడా లెక్కలో వేయాలి కదండీ.

ఇంకోటి, 1997. తల్లిదండ్రుల సంపాదన మెడికెయిడ్‌కి (పేదల ప్రభుత్వ బీమాకి) ఎక్కువై, ప్రైవేటు బీమా కొనడానికి చాలని ఇళ్లలో పిల్లల కోసం "చిప్" పథకం వచ్చింది. దానికి సెనేట్‌లో ముందు నిలబడింది ఎవరో తెలుసా? డెమొక్రాట్ టెడ్ కెనెడీ, పక్కన హ్యాచ్. డబ్బు ఎక్కడి నుంచి తేవాలంటే సిగరెట్ పెట్టె మీద 43 సెంట్లు పన్ను పెంచుదామన్నారు. చివరికి 15 సెంట్లకు దిగింది. సిగరెట్ తాగడమే పాపమనే మోర్మన్‌కి ఆ పన్ను వేయడం కష్టమేం కాదులెండి. అయినా పన్ను పెంచడమనే మాటకే ఉలిక్కిపడే పార్టీలో ఉండి, కెనెడీ పక్కన నిలబడటం చిన్న సంగతి కాదు. సొంత పార్టీ పెద్దలకు అది అస్సలు నచ్చలేదు.

వాదిస్తా | శనివారం, ఉదయం 9:20

మేడమ్, కథ సగంలో ఆపారు. అదే చిప్‌కి 2017 సెప్టెంబర్ 30న నిధుల గడువు ముగిసింది. అప్పుడు సెనేట్ ఫైనాన్స్ కమిటీ చైర్మన్ ఎవరు? హ్యాచే. నెలల తరబడి రాష్ట్రాలు మీ పిల్లల బీమా పోవచ్చని తల్లిదండ్రులకు ఉత్తరాలు రాసుకుంటుంటే ఈయన పన్నుల కోత బిల్లు మీద ఉన్నాడు. డబ్బుల్లేవన్నాడు. తమకు తాము సాయం చేసుకోని, వేలు కూడా కదపని వాళ్ల మీద అంతంత డబ్బు ఖర్చు పెట్టడానికి మనసొప్పదన్నాడు.

మందులకొట్టు_మాధవి | శనివారం, ఉదయం 9:41

ఆ మాట నాకూ కోపం తెప్పించింది. చిప్ మంచి పథకమేనని, పూర్తి చేస్తామని ఆ ప్రసంగంలోనే అన్నాడు. వేలు కదపని వాళ్లు అన్నది చిప్ పిల్లల గురించి కాదని ఆయన ఆఫీసు తర్వాత చెప్పింది. 2018 జనవరిలో 6 ఏళ్లకు, ఫిబ్రవరిలో ఇంకో 4 ఏళ్లకు నిధులొచ్చాయి. ఆ పొడిగింపూ ఆయన కమిటీ నుంచే వచ్చింది. కానీ మధ్యలో ఆ నాలుగు నెలలు మా కౌంటర్ దగ్గరకొచ్చి "మా పాపకి ఇన్‌హేలర్ రెండు నెలలకు ఒకేసారి ఇస్తారా" అని అడిగిన తల్లుల టెన్షన్ ఎవరు తీరుస్తారు? దానికి నా దగ్గర జవాబు లేదు.

సాల్ట్‌లేక్_సుబ్బు | శనివారం, ఉదయం 10:05

మనవాళ్లకు తగిలే సంగతి ఒకటుంది. గ్రీన్‌కార్డ్ వచ్చినా ఐదేళ్లు నిండితే గానీ పిల్లలకు మెడికెయిడ్, చిప్ ఇవ్వకూడదని 1996 నుంచి రూలు. 2009లో చిప్‌ని పొడిగిస్తూ, ఇష్టమున్న రాష్ట్రాలు ఆ ఐదేళ్ల ఆగుడు తీసేయవచ్చని వెసులుబాటు ఇచ్చారు. 2007లో చిప్ విస్తరణ కోసం బుష్ వీటోను కూడా ఎదిరించిన హ్యాచ్, 2009 బిల్లుకు వ్యతిరేకంగా ఓటేశాడు. ఆయన అభ్యంతరాల్లో ఈ వలస పిల్లల నిబంధన ఒకటి. తను కన్న పథకానికే.

మా ఇంటికి ఆ అవసరం రాలేదు, కంపెనీ బీమా ఉంది. కానీ గ్యాస్ స్టేషన్‌లో, మోటెల్‌లో పనిచేసే మనవాళ్లు లేరా? వాళ్లకు తెలుసు ఐదేళ్లంటే ఎంతో.

బాలానగర్_పాతకాపు | శనివారం, మధ్యాహ్నం 12:30

వాదిస్తా గారూ, దాటేయలేదు. మధ్యాహ్నం తీరిగ్గా రాద్దామని ఆగాను.

1984కి ముందు సంగతి ఇది. 1962 తర్వాత వచ్చిన మందుకి పేటెంట్ అయిపోయినా, జెనరిక్ వాడు అమ్మాలంటే మళ్లీ రోగుల మీద సొంతంగా ట్రయల్స్ చేయాలి. అంత ఖర్చు ఎవడు పెడతాడు? పేటెంట్ పోయి కూడా జెనరిక్ రాని మందులు దాదాపు 150 అలా పడున్నాయి. ఇటు బ్రాండ్ వాడి ఏడుపేమిటంటే, అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చేసరికే నా పేటెంట్‌లో సగం ఏళ్లు కరిగిపోతున్నాయని. హ్యాచ్, వ్యాక్స్‌మన్ ఇద్దర్నీ కూర్చోబెట్టి బేరం కుదిర్చారు. జెనరిక్ వాడు తన మందు ఒంట్లో బ్రాండ్ మందులాగే కలుస్తుందని, అంటే బయోఈక్వివలెన్స్ చూపిస్తే చాలు. బ్రాండ్ వాడికి పోయిన ఏళ్లలో 5 దాకా తిరిగిస్తారు, అయితే అనుమతి నాటి నుంచి మొత్తం 14 దాటకూడదు.

ఆ తర్వాతదే మా పొట్టకూడు, పారా ఫోర్. "నీ పేటెంట్ చెల్లదు, లేదా నేను దాన్ని తాకడం లేదు" అని ధైర్యంగా ఫైల్ చేయడం. బ్రాండ్ వాడు 45 రోజుల్లో కేసు వేస్తే 30 నెలలు అనుమతి ఆగుతుంది. మొదట ఫైల్ చేసినవాడు నెగ్గితే 180 రోజులు వేరే జెనరిక్ రాదు. ఆ 180 రోజుల కోసం ఎన్ని రాత్రులు ఆఫీసులో బిర్యానీ పొట్లాలు తిని పడుకున్నామో! అమెరికాలో ఎఫ్‌డీఏ ఆఫీసు బయట కంపెనీల మనుషులు ముందు రోజు నుంచి, ఒక్కోసారి మూడు వారాలకు పైగా కాపు కాసేవాళ్లు. సినిమా టికెట్లకు కూడా అంత లైను చూడలేదు. 2003లో ఎఫ్‌డీఏ, ఒకే రోజు వచ్చినవాళ్లంతా మొదటివాళ్లే అని చెప్పాక ఆ బాధ తప్పింది.

2001 ఆగస్టులో డాక్టర్ రెడ్డీస్‌కి డిప్రెషన్ మందు ఫ్లూఆక్సెటిన్ 40 మిల్లీగ్రాముల మీద ఆ 180 రోజులు దక్కాయి. ఒక భారతీయ కంపెనీకి అదే మొదటిసారి. ఆ రోజు వేరే కంపెనీలో ఉన్న మేము కూడా స్వీట్లు పంచుకున్నాం.

అదే చట్టం రెండో చేత్తో కొట్టింది కూడా. బీపీ మందు ఆమ్లోడిపిన్‌ని ఫైజర్ ఒక లవణంగా అమ్ముతుంటే, రెడ్డీస్ వేరే లవణంతో, మేలియేట్‌తో వెళ్లింది. పొడిగించిన పేటెంట్ గడువు ఈ లవణానికి వర్తించదన్నది వాదన. 2002 డిసెంబర్‌లో కింది కోర్టులో గెలిచారు. 2004 ఫిబ్రవరిలో పై కోర్టు తిరగేసింది. పొడిగింపు అసలు మందుకే, ఏ లవణమైనా ఒకటేనంది. హ్యాచ్ బ్రాండ్ వాడికిచ్చిన భాగం ఎంత పదునైందో ఆ రోజు మాకందరికీ తెలిసింది.

కరీంనగర్_కుర్రోడు | శనివారం, మధ్యాహ్నం 1:15

అన్నా, అందరూ సెనేటర్ గురించి రాస్తున్నరు. నేనొక మాట చెప్త. ఆ బయోఈక్వివలెన్స్ అన్నరు కదా, అది ఎవరి ఒంట్లో చూస్తరో తెలుసా? మా లాంటోళ్ల ఒంట్లో.

డిగ్రీ అయినంక అమీర్‌పేటలో కోచింగ్ ఫీజు కోసం ఒక స్టడీకి పోయిన. సాయంత్రం చేర్చుకుని టెస్టులు చేసిన్రు, రాత్రి ఏమీ తిననియ్యలేదు. పొద్దున్నే గోలీ, చేతికి గొట్టం, ఇక గంట గంటకూ రక్తం. కొన్ని రోజులు గ్యాప్ ఇచ్చి మళ్ల పిలిచి రెండో గోలీ. ఒకటి బ్రాండ్‌ది, ఒకటి మనది. ఏది ఏదో మాకు చెప్పరు. ఎనిమిది వేలు ఇచ్చిన్రు. పక్క మంచం పిలగాడు నెల కింద ఇంకో దగ్గర కూడా చేసిండు. మూడు నెలల గ్యాప్ ఉండాలని పేపర్ మీద ఉంది, అడిగినోడు లేడు. ఆ సెంటర్ పేరు చెప్పను.

నేను బాగనే ఉన్న. పైసలు కూడా పనికొచ్చినయ్. కానీ అమెరికాల ముసలాయన నాలుగు డాలర్లకు గోలీ కొంటుండంటే దాంట్ల నా రక్తం కూడా కొంచెం ఉందన్నట్టు.

బాలానగర్_పాతకాపు | శనివారం, మధ్యాహ్నం 1:40

తమ్ముడూ, ఫైల్‌లో మేము రాసేది "24 మంది ఆరోగ్యవంతులైన వాలంటీర్లు" అని. ముప్పై ఏళ్లలో ఒక్క వాలంటీర్‌తో మాట్లాడటం ఇదే మొదటిసారి. వచ్చే క్లాసుకి రాగలవా? నాకు మెసేజ్ పెట్టు.

వాదిస్తా | శనివారం, మధ్యాహ్నం 2:05

రక్తం ఒక్కటేనా? పటాన్‌చెరు నీళ్ల మాటేమిటి? అక్కడి శుద్ధి ప్లాంటు వదిలే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించారు. చవక మందు ధరలో ఆ చెరువుల ఖరీదు లేదు...

మోడరేటర్ | శనివారం, మధ్యాహ్నం 2:11

పటాన్‌చెరు మీద విడిగా చర్చ ఉంది, దయచేసి అక్కడికి. ఆ పాపం యూటా సెనేటర్ నెత్తిన వేయలేం, మన కాలుష్య మండలిని అడగాలి. ఇక్కడ హ్యాచ్ గురించే.

పల్లెడాక్టర్ | శనివారం, సాయంత్రం 6:30

తెనాలి దగ్గర ప్రాక్టీసు. ఇప్పుడే ఓపీ అయింది. మీరెవరూ ఎత్తని చట్టం ఒకటుంది. నాకు నెలకోసారైనా తగిలేది అదే.

పెద్దాయన వస్తాడు, సంచీలోంచి మూడు డబ్బాలు తీస్తాడు. "మావాడు అమెరికా నుంచి తెచ్చాడండీ. కీళ్లకి ఒకటి, షుగర్‌కి ఒకటి, ఇదేమో లివర్‌కి. అక్కడ ఎఫ్‌డీఏ గట్టిగా ఉంటుందటగా!" డబ్బా వెనక చిన్న అక్షరాల్లో, ఈ మాటల్ని ఎఫ్‌డీఏ పరిశీలించలేదని రాసి ఉంటుంది. చత్వారం కళ్లకు అది కనపడదు. ఆయనకు తెలీదు, అక్కడ సప్లిమెంట్లు అమ్మడానికి ముందు మందులకు లాగా అనుమతి అక్కర్లేదని. హాని ఉందని నిరూపించే బాధ్యత ఎఫ్‌డీఏదే. అది 1994 చట్టం. తెచ్చింది ఎవరనుకున్నారు? హ్యాచ్, డెమొక్రాట్ టామ్ హార్కిన్.

బరువు తగ్గడానికి అమ్మిన ఎఫెడ్రా అనే మూలిక గుండెను దెబ్బతీస్తోందని గోల మొదలైన చాలా ఏళ్లకు, 2004లో గానీ నిషేధించలేకపోయారు. ఒక చేత్తో జెనరిక్ మాత్రకు ఇన్ని పరీక్షలు పెట్టినాయన, ఇంకో చేత్తో దీనికి తలుపులు బార్లా తెరిచాడు. నేను ఆయన్ని క్షమించేది ఉంటే ఈ ఒక్కటి తప్ప.

సాల్ట్‌లేక్_సుబ్బు | శనివారం, సాయంత్రం 7:02

డాక్టర్ గారూ, సప్లిమెంట్ పరిశ్రమ యూటాకి పెద్ద ఉపాధి. మా వీధిలోనే నలుగురు ఆ కంపెనీల్లో చేస్తారు. ఆయన కూడా రోజూ విటమిన్లు మింగే మనిషేనట, మనస్ఫూర్తిగా నమ్మేవాడు. ఓటరూ, నమ్మకమూ, విరాళమూ ఒకే దిక్కుకి లాగితే ఇక ఎవరాపుతారు? 2006లో మళ్లీ ఆయనే కలిసి తెచ్చిన చట్టంతో, తీవ్రమైన దుష్ఫలితాలు వస్తే కంపెనీలు ఎఫ్‌డీఏకి చెప్పి తీరాలి. తాళం సగం వేశారనుకోండి.

మా నాన్నకి నేను తెచ్చిన డబ్బాలు కూడా ఇంట్లో రెండున్నాయి. ఈ రాత్రే ఫోన్ చేస్తా.

పల్లెడాక్టర్ | శనివారం, సాయంత్రం 7:10

ఫోన్ చేసి ఆపమనడం కాదు, వాటిని ఫొటో తీసి వాళ్ల డాక్టర్‌కి చూపించమనండి. రక్తం పలచబడే మందు వాడుతుంటే మరీను.

ఆయన మంచి కూడా చెప్తా, తూకం కోసం కాదు, నిజం కాబట్టి. ఎయిడ్స్ అంటేనే ముఖం తిప్పుకునే రోజుల్లో, 1990లో, రయన్ వైట్ చట్టానికి కెనెడీతో కలిసి నిలబడ్డాడు. హీమోఫీలియా చికిత్స వల్ల హెచ్‌ఐవీ సోకి, బడికి రానివ్వకపోతే పోరాడి, 18 ఏళ్లకే పోయిన కుర్రాడి పేరది. బీమా లేని హెచ్‌ఐవీ రోగులకు మందులు అందుతున్నది ఆ చట్టం వల్లే. అప్పుడు కన్సర్వేటివ్‌గా ఉండి ఆ పని చేయడానికి గుండె కావాలి.

మందులకొట్టు_మాధవి | శనివారం, రాత్రి 8:25

తికమక పెట్టేవి ఇంకో మూడు. 1993లో క్లింటన్ బిల్లుకు పోటీగా రిపబ్లికన్లు తెచ్చిన బిల్లులో ప్రతి ఒక్కరూ బీమా కొని తీరాలనే నియమం ఉంది. హ్యాచ్ దానికి సహ ప్రతిపాదకుడు. ఒబామా అదే నియమం పెట్టాక అది రాజ్యాంగ విరుద్ధమన్నాడు.

రెండోది, బయలాజిక్ మందులకు, అంటే జీవకణాల నుంచి తయారయ్యే వాటికి, పోటీ రాకుండా 12 ఏళ్ల రక్షణ. 2009లో సెనేట్ కమిటీలో పట్టుబట్టి సవరణ పెట్టిన ముగ్గురిలో హ్యాచ్ ఒకడు. అది ఒబామా చట్టంలోనే కలిసిపోయింది. మొత్తం చట్టానికి నో అన్నాడు, తన ముక్క మాత్రం అందులో భద్రంగా ఉంది! తర్వాత పసిఫిక్ దేశాల వాణిజ్య ఒప్పందంలో కూడా 12 ఏళ్లే కావాలని మొండికేశాడు. మా కౌంటర్‌లో బయోసిమిలర్లు, అంటే బయలాజిక్‌ల చవక రూపాలు, ఇంత ఆలస్యంగా వచ్చాయంటే ఆ 12కీ వాటా ఉంది.

మూడోది అరుదైన జబ్బులు. 1983 జనవరిలో వచ్చిన ఆర్ఫన్ డ్రగ్ చట్టం కోసం సెనేట్‌లో పనిచేసినవాళ్లలో హ్యాచ్ ముఖ్యుడు. అలాంటి మందుల ట్రయల్స్ ఖర్చులో 50 శాతాన్ని కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోనిచ్చారు. 2017లో ఆయన చైర్మన్‌గా నడిపించిన పన్నుల చట్టం దాన్ని 25కి తగ్గించింది.

వాదిస్తా | శనివారం, రాత్రి 8:50

సరే, రయన్ వైట్ సంగతి నాకు తెలీదు. ఒప్పుకుంటున్నా. కానీ ఒక్కటి గమనించారా? మీరు చెప్పిన మంచి చట్టాలన్నిటి పక్కనా ఇంకో పార్టీ మనిషి ఉన్నాడు. వ్యాక్స్‌మన్, కెనెడీ, మళ్లీ కెనెడీ. కెనెడీ 2009 ఆగస్టులో పోయాడు. ఆ తర్వాత హ్యాచ్ నుంచి అలాంటిది ఒక్కటి చూపించండి.

సాల్ట్‌లేక్_సుబ్బు | శనివారం, రాత్రి 9:34

ఒకటుంది. కెనెడీ సైజుది కాదు. యూటాలో టీనేజి పిల్లల ఆత్మహత్యలు చాలా ఎక్కువ. మా అబ్బాయి స్కూల్లో కూడా ఒకటి జరిగింది, దాని గురించి ఇంకేం రాయలేను. అప్పట్లో సాయం కోసం ఫోన్ చేయాలంటే పది అంకెల నంబర్. ఆ స్థితిలో ఉన్న పిల్లాడికి పది అంకెలు గుర్తుంటాయా? దీన్ని మూడంకెలకు తేవడం కుదురుతుందేమో చూడమని ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్‌ని ఆదేశించే బిల్లు హ్యాచ్ పెట్టాడు, ఇండియానా డెమొక్రాట్ డానెలీతో కలిసి. 2018 ఆగస్టులో చట్టమైంది. 2020లో ఇంకో చట్టం వచ్చి 988 ఖాయమైంది. దేశమంతా మోగడం మొదలైంది 2022 జూలై 16న. హ్యాచ్ అదే ఏడాది ఏప్రిల్ 23న పోయాడు.

మా ఫ్రిజ్ మీద ఆ నంబర్ అంటించి ఉంది.

వాదిస్తా | శనివారం, రాత్రి 9:40

పక్కన మళ్లీ డెమొక్రాటే. సరే, ఇది లెక్కలో వేసుకుంటా. 2009 ఓటు మాత్రం తీసేయను.

బాలానగర్_పాతకాపు | ఆదివారం, ఉదయం 6:55

అందరికీ థ్యాంక్స్. దండమా తిట్టా అని అడిగాను, ఒక్కరూ తిన్నగా చెప్పలేదు. నేనూ పిల్లలకు చెప్పను. స్లైడ్ మీద నాలుగు ఏళ్లు వేస్తా: 1984, 1994, 1997, 2017. వాళ్లనే కొట్టుకోమంటా. కరీంనగర్ తమ్ముడు వస్తానన్నాడు. మొదటి అరగంట అతనిదే, ఏఎన్‌డీఏ తర్వాత.

కరీంనగర్_కుర్రోడు | ఆదివారం, ఉదయం 7:20

వస్త సార్. ఒక డౌట్: ఆ 180 రోజులు ఎప్పటి నుంచి లెక్క? అనుమతి వచ్చిన రోజు నుంచా?

బాలానగర్_పాతకాపు | ఆదివారం, ఉదయం 7:26

కాదు, మొదటి సరుకు మార్కెట్లో అమ్మిన రోజు నుంచి. పాత రోజుల్లో కోర్టు తీర్పు రోజు నుంచి కూడా మొదలయ్యేది, 2003లో మార్చారు. మంచి ప్రశ్న. దీన్నే క్లాసులో అడుగు, ముందు బెంచీ వాళ్లకు కూడా తెలీదు.